ఫోన్ పెన్‌డ్రైవ్ కాదు: లైనక్స్ కంప్యూటర్‌కి కేబుల్‌తో ఫైళ్లు తెచ్చుకోవడం

(శాఖా గ్రంథాలయంలో ఆదివారం ఉదయం జరిగిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి తెర కనిపిస్తోందా? ఆ కిటికీ తలుపు కాస్త వేయండి బాబూ, వెలుతురు సరిగ్గా దీని మీదే పడుతోంది. ఆఁ, ఇప్పుడు బాగుంది.

ముందు ఒక ప్రశ్న అడుగుతాను. ఫోన్‌లో తీసిన ఫొటో కంప్యూటర్‌లోకి కావాలంటే మీరేం చేస్తారు? చాలామంది వాట్సాప్‌లో తమకి తామే పంపుకుంటారు. కంప్యూటర్‌లో వాట్సాప్ వెబ్ తెరిచి దింపుకుంటారు. ఒక్క ఫొటోకి, అర్జెంటు పనికి, పర్వాలేదు. కానీ ఫొటోగా పంపితే వాట్సాప్ దాన్ని కుదించి పంపుతుంది. ఫోన్ తెర మీద తేడా తెలియదు. అదే ఫొటోని గోడకి పెట్టుకుందామని పెద్ద సైజులో ప్రింటు తీయించండి, అప్పుడు తెలుస్తుంది. డాక్యుమెంట్‌గా పంపితే కుదించదు, నిజమే. మరి మూడు వందల ఫొటోలుంటే? పెళ్లి వీడియో ఎనిమిది జీబీలుంటే? ఇంటర్నెట్ మీదుగా ఎక్కడికో పోయి, మళ్లీ మన టేబుల్ మీదికే రావాలి. ఫోన్‌కీ కంప్యూటర్‌కీ మధ్య దూరం జానెడు. ఛార్జింగ్ కేబుల్ పక్కనే ఉంటుంది. ఆ కేబుల్ ఎందుకు వాడరు?

వాడరు, ఎందుకంటే ఎప్పుడో ఒకసారి ప్రయత్నించి ఉంటారు. ఏమీ కనబడి ఉండదు. "లైనక్స్‌లో ఫోన్ కనెక్ట్ కాదండీ" అని నాతో చాలామంది అన్నారు. ఇవాళ నేను చెప్పేదల్లా దాని గురించే. కనెక్ట్ అవుతుంది. లైనక్స్ అంటే విండోస్‌లాగే కంప్యూటర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్, అందులో రకాలే ఉబుంటు, మింట్, ఫెడోరా. ఏదైనా సరే, మామూలు డెస్క్‌టాప్, అంటే మౌస్‌తో నొక్కే బొమ్మల తెర, ఉంటే విడిగా డ్రైవర్ వేసే పని కూడా సాధారణంగా ఉండదు. కాకపోతే ఫోన్ అంటే పెన్‌డ్రైవ్ అనుకుని మొదలుపెడతాం. అక్కడే తేడా వస్తుంది. ఫోన్ పెన్‌డ్రైవ్ కాదు. ఈ మాట ఇవాళ చాలాసార్లు చెబుతాను, విసుక్కోకండి.

ఇదిగో, నా ఫోన్ పెడుతున్నాను చూడండి. పెట్టాను. ఏమైంది? ఛార్జింగ్ గుర్తు వచ్చింది. అంతే. కంప్యూటర్‌లో ఏమీ లేదు. ఇక్కడే సగం మంది వదిలేస్తారు. ఆండ్రాయిడ్ 6 నుంచి, అంటే 2015 నుంచి, కేబుల్ పెట్టగానే ఫోన్ ఛార్జింగ్ మాత్రమే తీసుకుంటుంది, ఫైళ్లు చూపించదు. ఎందుకలా పెట్టారు? మనం బస్టాండ్‌లో, రైల్వే స్టేషన్‌లో ఎవరిదో ఛార్జింగ్ పాయింట్‌కి ఫోన్ పెడతాం. దాని వెనక కంప్యూటర్ ఉందో లేదో మనకేం తెలుసు? అందుకని, ఫైళ్లు ఇవ్వాలంటే మనం మన వేలితో చెప్పాలి. అది మంచి జాగ్రత్త.

ఎలా చెప్పాలి? ఫోన్ లాక్ తీయండి. పైనుంచి వేలితో కిందికి లాగండి. నోటిఫికేషన్లలో "ఛార్జింగ్ దిస్ డివైస్ వయా యూఎస్‌బీ" లాంటి మాట ఒకటి ఉంటుంది. దాన్ని తాకండి. లోపల "ఫైల్ ట్రాన్స్‌ఫర్" అని ఉంటుంది. కొన్ని ఫోన్లలో పక్కనే ఆండ్రాయిడ్ ఆటో అని కూడా రాసి ఉంటుంది, కంగారు పడకండి, అదే. అది నొక్కండి. ఇదిగో, నొక్కాను. ఇప్పుడు తెర చూడండి, ఎడమ పక్క ఫోన్ పేరు వచ్చింది. వచ్చిందా లేదా? ఇంకో మాట. లాక్ వేసి ఉండగా తెరిస్తే ఫోన్ పేరు కనబడుతుంది, లోపల ఖాళీగా ఉంటుంది. ఫొటోలు పోయాయేమోనని గుండె ఝల్లుమంటుంది. పోలేదు. లాక్ తీయండి, మళ్లీ ఫైల్ ట్రాన్స్‌ఫర్ నొక్కండి.

ఇవన్నీ చేసినా రాలేదనుకోండి. అప్పుడు ముందు కేబుల్‌ని అనుమానించండి. సెట్టింగుల జోలికి తర్వాత వెళ్దాం. మామూలు యూఎస్‌బీ 2 కేబుల్ లోపల నాలుగు తీగలుంటాయి. రెండు కరెంటుకి, రెండు డేటాకి. చవక కేబుళ్లు కొన్నిటిలో, పవర్ బ్యాంకుతోనో, చెవిలో పెట్టుకునే బ్లూటూత్ వాటితోనో వచ్చిన పొట్టి కేబుళ్లలో, డేటా తీగలు రెండూ అసలు ఉండకపోవచ్చు. పైకి చూస్తే తేడా ఏమీ తెలియదు. ఫోన్ చక్కగా ఛార్జ్ అవుతుంది. ఫైళ్లు మాత్రం జన్మలో రావు. ఇదిగో, నా చేతిలో రెండు కేబుళ్లున్నాయి. ముందు వరసవాళ్లు చూడండి, ఒకేలా లేవూ? ఈ తెల్లదాంట్లో డేటా తీగలు లేవు. అందుకని దీనికి ఎర్ర దారం కట్టుకున్నాను. మీరూ ఇంట్లో ఉన్న కేబుళ్లు ఒక్కసారి పరీక్ష చేసుకుని గుర్తు పెట్టుకోండి.

పరీక్ష ఎలాగంటే, టెర్మినల్, అంటే ఆజ్ఞలు టైప్ చేసే కిటికీ, తెరిచి ఎల్, ఎస్, యూ, ఎస్, బీ అని ఐదు అక్షరాలు ఖాళీ లేకుండా కొట్టండి. కంప్యూటర్‌కి ఏమేం తగిలించి ఉన్నాయో ఒక్కో లైన్ చూపిస్తుంది. ఫోన్ లేకుండా ఒకసారి, పెట్టి ఫైల్ ట్రాన్స్‌ఫర్ నొక్కాక ఇంకోసారి. కొత్త లైన్ ఒకటి వచ్చిందంటే తీగ మంచిదే, తగాదా ఇంకెక్కడో ఉంది. రాలేదంటే కేబుల్ మార్చండి, పోర్ట్ మార్చండి. ఫోన్ ఛార్జింగ్ రంధ్రంలో జేబులోని నూలు, దుమ్ము చేరి ప్లగ్ చివరిదాకా దిగదు, అదీ చూసుకోండి.

సరే, ఇప్పుడు అసలు విషయం. ఫోన్ పెన్‌డ్రైవ్ ఎందుకు కాదు? ఒకప్పుడు అయ్యేది. ఇక్కడ ఆండ్రాయిడ్ 2.3 రోజుల ఫోన్లు వాడినవాళ్లున్నారా? ఉన్నారు. గుర్తుందా, కేబుల్ పెట్టి "టర్న్ ఆన్ యూఎస్‌బీ స్టోరేజ్" అని నొక్కితే మెమరీ కార్డు అచ్చం పెన్‌డ్రైవ్‌లా వచ్చేది. లైనక్స్‌లో ఏ చిక్కూ లేదు. మరి ఎందుకు తీసేశారు?

బీరువా ఒకటి ఉంది, తాళంచెవి ఒక్కటే ఉంది అనుకోండి. కంప్యూటర్‌కి తాళంచెవి ఇచ్చేస్తే ఇక ఫోన్ ఆ బీరువా తెరవలేదు. కేబుల్ ఉన్నంతసేపూ ఫోన్‌లో గ్యాలరీ ఖాళీ. కార్డులో వేసుకున్న యాప్‌లు పనిచేయవు. ఫొటో తీద్దామంటే కార్డు లేదంటుంది. ఒకే నిల్వని ఇద్దరూ ఒకేసారి తెరిచి ఇష్టం వచ్చినట్టు రాస్తే లెక్కలు కలిసిపోయి మొత్తం పాడవుతుంది, అందుకే ఒకరికే తాళం. పైగా కంప్యూటర్లన్నిటికీ అర్థం కావాలని ఆ నిల్వని ఫ్యాట్32 పద్ధతిలో ఉంచాలి. అందులో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ఈ బాధలన్నీ పడలేక 2011లో, ఆండ్రాయిడ్ 3, ఆ తర్వాత గెలాక్సీ నెక్సస్‌తో వచ్చిన ఆండ్రాయిడ్ 4 దగ్గర, దారి మార్చారు. ఆ కొత్త దారి పేరు ఎంటీపీ, మీడియా ట్రాన్స్‌ఫర్ ప్రోటోకాల్. దీన్ని తయారుచేసింది మైక్రోసాఫ్ట్. మ్యూజిక్ ప్లేయర్ల కోసం చేశారు. దానికి పునాది డిజిటల్ కెమెరాల్లోంచి ఫొటోలు తీసే పీటీపీ అనే పద్ధతి. 2008లో యూఎస్‌బీ ప్రమాణాల సంస్థ దీన్ని తన ప్రమాణాల్లో చేర్చింది. లైనక్స్ వైపు లిబ్‌ఎంటీపీ అని ఒక లైబ్రరీ రాశారు, ఎవరైనా వాడుకునేలా. లైబ్రరీ అంటే ఇక్కడ పుస్తకాలది కాదు, వేరే ప్రోగ్రామ్‌లు వాడుకునే తయారు కోడ్. మీ ఫైల్ మేనేజర్‌లో, అంటే ఫోల్డర్లు చూపించే ప్రోగ్రామ్‌లో, ఫోన్ కనబడుతోందంటే చాలా డెస్క్‌టాప్‌లలో వెనక పనిచేసేది అదే.

ఇప్పుడు మనం గ్రంథాలయంలో ఉన్నాం కదా, ఇక్కడి పద్ధతే చెబుతాను. పాత పుస్తకాల గది లోపలికి మనల్ని వెళ్లనివ్వరు. కౌంటర్ దగ్గర చీటీ రాసి ఇస్తాం. లైబ్రేరియన్ గారు లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చి ఇస్తారు. మనకి బీరువా కనబడదు, తాళంచెవి మన చేతికి రాదు. ఎంటీపీ అచ్చంగా అదే. ఫోన్ లోపల కూర్చున్నది లైబ్రేరియన్. కంప్యూటర్ చీటీలు రాసి ఇచ్చే పాఠకుడు. పుస్తకాలకి యాక్సెషన్ నంబర్లున్నట్టే, ఎంటీపీలో ప్రతి ఫైలుకీ ఒక నంబరు ఉంటుంది. కంప్యూటర్ ఆ నంబరు చెప్పి అడుగుతుంది. ఫోన్ తెచ్చి ఇస్తుంది. పెన్‌డ్రైవ్ అంటే ఊరికే ఒక బీరువా. ఫోన్ అంటే బీరువా ముందు మనిషి కూర్చున్నట్టు.

ఈ ఒక్కటి మనసులో పెట్టుకుంటే మనల్ని ఏడిపించేవన్నీ విడిపోతాయి. కెమెరా ఫోల్డర్ తెరిస్తే ఎందుకంతసేపు తిరుగుతూ ఉంటుంది? ఐదు వేల ఫొటోలుంటే లైబ్రేరియన్ ఐదు వేల వివరాలు చదివి చెప్పాలి. బొమ్మలు కనబడే చిన్న ప్రివ్యూలు కూడా అడిగామనుకోండి, ఇంకా ఆలస్యం. అందుకని ఆ ఫోల్డర్‌ని జాబితా వరసలో పెట్టుకోండి, బొమ్మల వరస వద్దు. తెరుచుకునేదాకా మళ్లీ మళ్లీ నొక్కకండి. నొక్కినకొద్దీ చీటీలు పెరుగుతాయి, కౌంటర్ ఒక్కటే.

ఫోన్‌లో ఉన్న వీడియోని కంప్యూటర్ నుంచి నేరుగా ప్లే చేస్తే ఎందుకు ఆగి ఆగి వస్తుంది? ఫోన్‌లోని డాక్యుమెంట్‌ని అక్కడే దిద్ది సేవ్ చేద్దామంటే ఎందుకు కుదరదంటుంది? లైబ్రరీ పుస్తకం బీరువాలో ఉండగా దాని మార్జిన్‌లో రాయలేం. బయటికి తెచ్చుకోవాలి. ఎంటీపీ మామూలుగా మొత్తం ఫైలు తేవడానికీ మొత్తం ఫైలు పంపడానికీ ఉన్న పద్ధతి. కాబట్టి ముందు మీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోండి. తర్వాత తెరవండి, దిద్దండి, చూడండి. ఫోన్ ఫోల్డర్‌లో ఉంచి ఏ పనీ చేయకండి.

ఇంకొకటి, కాస్త టెర్మినల్ వాడేవాళ్ల కోసం. జేఎంటీపీఎఫ్ఎస్ లాంటి ప్రోగ్రామ్‌తో ఫోన్ తెరవబోతే "క్లెయిమ్ ఇంటర్‌ఫేస్ ఫెయిల్డ్, మైనస్ 6" అని వస్తుంది. మైనస్ 6 అంటే బిజీ. ఎవరు బిజీ? మీ ఫైల్ మేనేజర్ అప్పటికే కౌంటర్ దగ్గర నిలబడి ఉంది. ఒకసారికి ఒక్కరే. ఫైల్ మేనేజర్‌లో ఫోన్ పక్కనున్న ఎజెక్ట్ నొక్కండి, అది తప్పుకుంటుంది, అప్పుడు రెండోదాన్ని నడపండి. అసలు గ్నోమ్ అనే రకం డెస్క్‌టాప్ ఉంటే రెండో ప్రోగ్రామే అక్కర్లేదు. మీ ఫోన్ రన్, యూజర్, 1000, జీవీఎఫ్ఎస్ అనే ఫోల్డర్ల వరస కింద మామూలు ఫోల్డర్‌లాగే ఉంటుంది. ఆ 1000 మీ యూజర్ నంబరు. కంప్యూటర్‌లో మొదట చేసిన ఖాతాకి సాధారణంగా అదే ఉంటుంది.

ఏ ఫోల్డర్‌లో ఏముంటుంది? కెమెరా ఫొటోలు డీసీఐఎం లోపల కెమెరాలో. బ్రౌజర్ దింపినవి డౌన్‌లోడ్‌లో. వాట్సాప్ ఫొటోలు? ఇది అందరూ అడుగుతారు. ఇదివరకు బయటే వాట్సాప్ అని ఫోల్డర్ ఉండేది. ఆండ్రాయిడ్ 11 తర్వాత లోపలికి వెళ్లింది. ఆండ్రాయిడ్, దాని లోపల మీడియా, దాని లోపల కామ్ చుక్క వాట్సాప్, దాని లోపల వాట్సాప్, దాని లోపల మళ్లీ మీడియా. పొడుగు దారే, కానీ అన్నీ అక్కడ ఉన్నాయి.

ఇప్పుడు మన తెలుగువాళ్లకే వచ్చే ఒక చిక్కు చెబుతాను. ఫైళ్లకి తెలుగులో పేర్లు పెట్టుకుంటాం. పెట్టుకోవాలి కూడా. ఎంటీపీకి తెలుగు పేర్లతో ఏ పేచీ లేదు. కానీ లైనక్స్‌లో, ఆండ్రాయిడ్‌లో, ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. బైటు అంటే కంప్యూటర్ నిల్వని లెక్కపెట్టే చిన్న కొలత. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు. తెలుగుకి? ఒక్కో గుర్తుకి మూడు బైట్లు. గుర్తు అంటే అక్షరం మాత్రమే కాదు, గుణింతం ఒకటి లెక్క, వత్తు కలిపే పొల్లు ఒకటి లెక్క. "శ్రీ" అని రాశామనుకోండి. కంటికి ఒకటే. లోపల శ, పొల్లు, ర, దీర్ఘం. నాలుగు. నాలుగు మూళ్లు పన్నెండు బైట్లు. "అమ్మమ్మ పాట" అంటే ఎంతో లెక్కపెట్టండి. ఏడు గుర్తులు, ఒక ఖాళీ, మూడు గుర్తులు. 31 బైట్లు. అంటే పేరు మొత్తానికి 85 గుర్తులకి మించి పట్టవు. ఎవరో పంపిన పీడీఎఫ్‌కి వాక్యమంత పేరు ఉంటుంది. అది కాపీ అవదు, "ఫైల్ నేమ్ టూ లాంగ్" అంటుంది. ఫైలు పాడవలేదు. పేరు చిన్నది చేయండి, వెళ్తుంది. ఇంకోటి, లైనక్స్‌లో పేరు మధ్య కోలన్, ప్రశ్నార్థకం పెట్టొచ్చు. ఫోన్ మెమరీ కార్డు వాటిని ఒప్పుకోదు. టైము రాయాల్సివస్తే కోలన్ బదులు అడ్డగీత వాడండి.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. మా అమ్మమ్మ పాటలు ఫోన్‌లో రికార్డు చేశాను. రోకటి పాటలు, నాట్ల పాటలు, ఆవిడ మధ్యలో ఆపి "ఆ చరణం గుర్తు రావడంలేదురా" అనడం కూడా. మొత్తం నలభై ఒక్క ఫైళ్లు. కంప్యూటర్‌లోకి కాపీ పెట్టాను. వదులు కేబుల్, ఎవరో నడుస్తూ తగిలారు, మధ్యలో ఊడింది. మళ్లీ పెట్టాను, గబగబా చూశాను, ఫోల్డర్‌లో పేర్లన్నీ కనబడ్డాయి. అయిపోయిందనుకుని ఫోన్‌లోవి తీసేశాను. నెల తర్వాత వినబోతే ఒక ఫైలు సున్నా బైట్లు. ఇంకొకటి సగమే ఉంది. పేరు ఉంది, పాట లేదు. అప్పటికి అమ్మమ్మ లేదు.

అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను. కట్ చేయకండి. కాపీ చేయండి. కట్ అంటే తెస్తూనే అక్కడ చెరిపేయమని. కాపీ అయ్యాక మొత్తం ఫైళ్లెన్ని, మొత్తం సైజు ఎంత, రెండు వైపులా ఒకటేనా, చూసుకోండి. ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి ప్రాపర్టీస్ అంటే రెండు సంఖ్యలూ కనబడతాయి. సైజు వరసలో పెట్టి సున్నావి ఉన్నాయేమో చూడండి. ముఖ్యమైనవైతే టెర్మినల్‌లో డిఫ్ అని ఒక ఆజ్ఞ ఉంది, పక్కన చిన్న గీత పెట్టి ఆర్ అక్షరం, తర్వాత రెండు ఫోల్డర్ల దారులు ఇవ్వండి. అది ప్రతి ఫైలూ చివరిదాకా చదివి పోల్చుతుంది. ఆలస్యమవుతుంది, కానివ్వండి. ఏమీ మాట్లాడకుండా ఆగిపోయిందంటే అన్నీ సరిపోయాయని. అప్పుడు, అప్పుడు మాత్రమే, ఫోన్‌లోవి తీయండి. నేనైతే ఇప్పుడు రెండో చోట ఇంకో కాపీ పెట్టేదాకా తీయను.

తేదీల సంగతి కూడా. ఎంటీపీలో ఫైలు తేదీ కాపీ చేసిన రోజుకి మారిపోవచ్చు. కెమెరా ఫొటోలకి తీసిన తేదీ ఫొటో లోపలే రాసి ఉంటుంది కాబట్టి భయం లేదు. ఆడియో రికార్డింగులకి చాలావాటికి అలా ఉండదు. ఫైలు పేరులోనే తేదీ రాసుకోండి.

వేల ఫైళ్లుంటే? అప్పుడు ఏడీబీ అనే సాధనం వాడొచ్చు. ఉబుంటులో, డెబియన్‌లో ఏడీబీ అన్న పేరుతోనే దొరుకుతుంది. ఫోన్ సెట్టింగుల్లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు తాకితే డెవలపర్ ఆప్షన్లు వస్తాయి. అందులో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయాలి. కేబుల్ పెట్టగానే ఈ కంప్యూటర్‌ని నమ్మమంటారా అని ఫోన్ అడుగుతుంది, ఒప్పుకోవాలి. తర్వాత ఏడీబీ పుల్, చిన్న గీత ఏ, స్లాష్ ఎస్‌డీకార్డ్ స్లాష్ డీసీఐఎం. ఆ గీత ఏ పెడితే పాత తేదీలు అలాగే ఉంటాయి. ఎంటీపీ చీటీల తంతు ఇందులో లేదు, పెద్ద ఫోల్డర్లు ఆగకుండా వస్తాయి. కానీ పని కాగానే డీబగ్గింగ్ ఆపేయండి. అది ఫోన్ లోపలికి పెద్ద తలుపు, తెరిచి వదిలేయకూడదు. తెలియని కంప్యూటర్‌ని నమ్ముతానని ఎప్పుడూ నొక్కకండి.

ఆఁ, చెప్పండి. ఐఫోనా? అది ఎంటీపీ మాట్లాడదు. దానికి లిబ్‌ఐమొబైల్‌డివైస్ అని వేరే ఉంది. ఉబుంటు డెస్క్‌టాప్‌లో మామూలుగా ఉంటుంది. పెట్టండి, లాక్ తీయండి, "ట్రస్ట్" నొక్కండి, డీసీఐఎం వస్తుంది. ఫొటోలు తెచ్చుకోవడానికి సరిపోతుంది.

వైఫైతో చేయొచ్చు కదా అంటున్నారు. చేయొచ్చు, కేడీఈ కనెక్ట్ అనే యాప్ బాగుంటుంది, నాలుగు ఫైళ్లకి నేనూ వాడతాను. పెద్దవాటికి కేబులే. యూఎస్‌బీ 2 వేగం కాగితం మీద సెకనుకి 480 మెగాబిట్లు, అంటే 60 మెగాబైట్లు. చేతికి వచ్చేది అంతకంటే తక్కువే. సెకనుకి 30 అనుకున్నా 20 జీబీలు పదకొండు నిమిషాల్లో వచ్చేస్తాయి. ఒక టీ తాగి వచ్చేలోపు.

ఇక చాలు, చేతులతో చేద్దాం. ఇక్కడ మూడు కంప్యూటర్లు పెట్టాం, మూడింటిలోనూ లైనక్సే. ఎవరు ముందు? రండమ్మా, ఇలా కూర్చోండి. మనవడి ఫొటోలా? అయితే కట్ చేయొద్దు, గుర్తుందిగా. ఫోన్ లాక్ తీయండి. కేబుల్ మీదేనా? ఏదీ, ముందు దాన్ని పరీక్ష చేద్దాం.